కనీస వేతనం పెరిగితే వలస కూలీకి ఏమవుతుంది?

అమెరికాలో దేశమంతటికీ వర్తించే కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు. 2009 జూలై 24న అమల్లోకి వచ్చిన ఈ రేటు ఆ తర్వాత ఒక్క సెంటు కూడా పెరగలేదు. 1938లో కనీస వేతన చట్టం వచ్చాక పెంపు లేకుండా ఇంతకాలం గడవడం ఇదే మొదటిసారి. ఈలోగా ఇంటి అద్దె, కోడిగుడ్ల ధర, ఆస్పత్రి ఖర్చు ఏవీ ఆగలేదు. సరుకులు కొనగలిగే శక్తిని బట్టి చూస్తే ఈ వేతనం బాగా ఎక్కువగా ఉన్నది 1968లో. అప్పటి 1.60 డాలర్లతో వచ్చిన సరుకులు ఇవాళ కొనాలంటే 14 డాలర్ల పైమాటే. ఈ ఫెడరల్ రేటు మీదే నడుస్తున్న రాష్ట్రంలో హోటల్లో గిన్నెలు కడిగే మనిషికి, 1968లో అదే పని చేసిన మనిషికి దక్కినదాంట్లో సగమే దక్కుతోంది.

ఈ రేటు పెంచాలన్న మాట ఎప్పుడు లేచినా దాని వెంటే వలస కూలీల మాట వస్తుంది. కూలి పెంచితే సరిహద్దు దాటి వచ్చేవాళ్లు ఇంకా ఎక్కువవుతారని కొందరంటారు. వలస కూలీకి గిరాకీ ఉన్నదే చవగ్గా దొరుకుతాడని, కూలి పెరిగితే యజమాని స్థానికుణ్ణే పెట్టుకుంటాడని, దాంతో వలస తగ్గుతుందని ఇంకొందరి లెక్క. తక్కువకు పనిచేసే మనిషి పక్కనే ఉండగా చట్టంలో అంకె మార్చి లాభం లేదు, ముందు వలస ఆపాలన్నది మూడో వాదన. పెంపు వల్ల మొదట పని పోయేది వలస వచ్చినవాళ్లకేనన్నది నాలుగోది. ఇవన్నీ ఒకేసారి నిజం కాలేవు. అయినా ఒక్కో వాదన వెనక కొంత చరిత్ర, కొంత లెక్క, కొంత భయం ఉన్నాయి.

చట్టం పుట్టుకలోనే ఖాళీలు

ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 1938 జూన్ 25న సంతకం చేసిన ఫెయిర్ లేబర్ స్టాండర్డ్స్ చట్టం గంటకు 25 సెంట్లతో మొదలైంది. పొలం కూలీలు, ఇళ్లలో పనిచేసేవాళ్లు దాని పరిధిలోకి రాలేదు. దక్షిణాది రాష్ట్రాల సభ్యులు కలిసిరాకుండా ఆ బిల్లు గట్టెక్కే పరిస్థితి లేదు. అక్కడి పత్తిచేలల్లో, వంటిళ్లలో పనిచేసేది ఎక్కువగా నల్లజాతివారు. వాళ్లకూ తెల్లవాళ్లకూ ఒకే కూలి ఇవ్వాలన్న నియమం ఆ సభ్యులకు గిట్టలేదు. పొలం కూలీలు ఈ చట్టం కిందికి రావడానికి 1966 సవరణ దాకా, ఇంటిపనివాళ్లు రావడానికి 1974 దాకా ఆగాల్సి వచ్చింది. చిన్న కమతాలకు ఇప్పటికీ మినహాయింపు ఉంది. టిప్పుల మీద బతికే వెయిటర్లకు యజమాని చేతి నుంచి ఇవ్వాల్సిన ఫెడరల్ రేటు 1991 నుంచి 2.13 డాలర్ల దగ్గరే ఉండిపోయింది. టిప్పులతో కలిపినా 7.25 రాకపోతే తక్కువ పడినది యజమాని కలపాలన్నది నిబంధన.

నల్లజాతివారిని బయట ఉంచడానికి వదిలిన ఈ ఖాళీలోకే తర్వాత వలస కూలీలు వచ్చి చేరారు. ఇవాళ పొలాల్లో, హోటళ్ల వంటగదుల్లో, మాంసం కోసే ఫ్యాక్టరీల్లో, భవన నిర్మాణంలో, పిల్లల్నీ ముసలివాళ్లనూ చూసుకునే పనుల్లో వాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. ప్యూ రీసెర్చ్ సెంటర్ అంచనా ప్రకారం 2023లో అమెరికాలో కాగితాలు లేకుండా ఉంటున్నవారు సుమారు కోటీ 40 లక్షల మంది. పంటచేలల్లో పనిచేసే కూలీల్లో దాదాపు నూటికి 40 మందికి చట్టబద్ధమైన హోదా లేదని ప్రభుత్వ సర్వేలే చెబుతున్నాయి.

వేతన నియమాన్ని బయటివాణ్ణి దూరంగా పెట్టడానికి వాడుకోవచ్చన్న ఆలోచన కూడా చాలా పాతది. న్యూయార్క్ ప్రతినిధి రాబర్ట్ బేకన్ నియోజకవర్గంలో మాజీ సైనికుల ఆస్పత్రి కట్టడానికి అలబామా కాంట్రాక్టరు ఒకడు అక్కడి నల్లజాతి కూలీలను వెంటబెట్టుకుని వచ్చాడు. స్థానిక మేస్త్రీల కంటే వాళ్లు తక్కువకు పనిచేశారు. దాన్ని చూసి బేకన్ ప్రతిపాదించిన డేవిస్-బేకన్ చట్టం 1931లో వచ్చింది. ప్రభుత్వ నిర్మాణాల్లో ఆ ప్రాంతంలో నడిచే రేటుకు తగ్గకుండా కూలి ఇవ్వాలని ఆ చట్టం చెబుతుంది. అంతకు ముందు తరం ఆర్థికవేత్తల్లో కొందరు తూర్పు, దక్షిణ యూరప్‌ల నుంచి వచ్చేవారినీ ఆసియావారినీ పనుల్లోంచి తప్పించడానికి కనీస వేతనం పనికొస్తుందని బాహాటంగానే రాశారు. వాళ్ల ఉద్దేశం హీనమైనదే. అయినా ఆ నియమాలే తర్వాత లక్షల మంది పేదల కూలిని నిలబెట్టాయి.

రెండు డిమాండ్లు ఒకే బిల్లులో

2012 నవంబరులో న్యూయార్క్ ఫాస్ట్‌ఫుడ్ హోటళ్ల పనివాళ్లు గంటకు 15 డాలర్లు కావాలంటూ పని ఆపేశారు. అప్పట్లో అది గొంతెమ్మ కోరికలా వినిపించింది. రెండేళ్లకు సియాటెల్ నగరం దాన్ని చట్టం చేసింది. తర్వాత కాలిఫోర్నియా, న్యూయార్క్‌లాంటి రాష్ట్రాలు అదే దారి పట్టాయి. ఇప్పుడు 30 రాష్ట్రాల్లో ఫెడరల్ రేటు కంటే ఎక్కువ కనీస వేతనం ఉంది. 2026 జనవరి నుంచి కాలిఫోర్నియాలో అది 16.90 డాలర్లు, వాషింగ్టన్ రాష్ట్రంలో 17.13. తెలుగువారు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డ టెక్సస్, జార్జియా, నార్త్ కరోలినా మాత్రం 7.25 మీదే ఉన్నాయి.

దేశమంతటా 15 డాలర్లు చేయాలన్న ప్రయత్నం 2021 మార్చిలో సెనేట్‌లో 58-42 ఓట్లతో వీగిపోయింది. డెమొక్రాట్ల పక్షం నుంచే ఎనిమిది మంది వ్యతిరేకంగా ఓటు వేశారు. ఆ పెంపు వల్ల 14 లక్షల ఉద్యోగాలు తగ్గవచ్చని, 9 లక్షల మంది పేదరికం నుంచి బయటపడవచ్చని కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం అంతకుముందే లెక్క కట్టింది. ఒక్కో పక్షం తనకు నచ్చిన అంకెను పట్టుకుని రెండోదాన్ని వదిలేసింది.

అదే సమయంలో రిపబ్లికన్ సెనేటర్లు మిట్ రామ్నీ, టామ్ కాటన్ వేరే బిల్లు తెచ్చారు. కనీస వేతనం క్రమంగా 10 డాలర్లకు పెరగాలి, దాంతోపాటు ప్రతి యజమానీ కొత్తగా చేరే మనిషికి పనిచేసే అనుమతి ఉందో లేదో ఈ-వెరిఫై అనే ప్రభుత్వ కంప్యూటర్ వ్యవస్థలో సరిచూడాలి. కూలి పెంపునూ వలస కట్టడినీ ఒకే తాడుతో కట్టిన బిల్లు అది. ఇంకొంచెం వెనక్కి వెళితే సిలికాన్ వ్యాలీ వ్యాపారి రాన్ అంజ్ వాదన కనబడుతుంది. కనీస వేతనం గట్టిగా పెంచితే తక్కువ కూలి ఉద్యోగాలు అంతరిస్తాయి, వాటి కోసం వచ్చే అక్రమ వలస దానంతటదే తగ్గుతుంది, గోడలూ పోలీసులూ అక్కర్లేదని ఆయన 2011లో రాశారు. 2014లో కాలిఫోర్నియాలో 12 డాలర్ల ప్రతిపాదనను ప్రజల ఓటుకు పెట్టాలని చూశారు గానీ ఆ ప్రయత్నం ఓటింగు దాకా వెళ్లలేదు.

లెక్కలు ఏం చెబుతున్నాయి

కూలి పెంచితే పనులు పోతాయన్నది పాఠ్యపుస్తకాల మాట. ఆ మాటను నేల మీద పరీక్షించినవారు ఆర్థికవేత్తలు డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్. 1992 ఏప్రిల్‌లో న్యూజెర్సీ కనీస వేతనాన్ని 4.25 నుంచి 5.05 డాలర్లకు పెంచింది. పక్కనే ఉన్న పెన్సిల్వేనియా పెంచలేదు. సరిహద్దుకు రెండు వైపులా ఉన్న 410 ఫాస్ట్‌ఫుడ్ దుకాణాల్లో పెంపుకు ముందు, తర్వాత ఎంతమంది పనిచేస్తున్నారో వారు ఆరా తీశారు. న్యూజెర్సీలో పనివాళ్లు తగ్గలేదని 1994లో ప్రకటించారు. దీనికి ఒక వివరణ ఉంది. చుట్టుపక్కల పని ఇచ్చే చోట్లు కొన్నే ఉన్నప్పుడు కూలి రేటు యజమాని చెప్పిందే అవుతుంది. అతను ఇస్తున్నది ఆ పని వల్ల తనకొచ్చే దానికంటే చాలా తక్కువ కావచ్చు. అలాంటప్పుడు చట్టం కూలి పెంచినా మనిషిని తీసేయాల్సిన అవసరం రాదు. డేవిడ్ న్యూమార్క్, విలియం వాషర్ వేరే లెక్కలతో దీన్ని ఖండించారు. ఆ వాదం మూడు దశాబ్దాలుగా నడుస్తూనే ఉంది. మామూలు పెంపుల వల్ల పెద్ద నష్టం కనబడలేదన్న వైపే ఇప్పుడు మొగ్గు ఎక్కువ. కానీ బాగా వెనకబడిన జిల్లాలో ఒక్కసారిగా రేటు రెట్టింపు చేస్తే ఏమవుతుందన్నదానికి ఈ పరిశోధనలు హామీ ఇవ్వవు.

వలస గురించిన ప్రసిద్ధమైన పరిశోధన కూడా డేవిడ్ కార్డ్‌దే. 1980లో క్యూబాలోని మారియెల్ రేవు నుంచి కొన్ని నెలల్లోనే సుమారు లక్షా 25 వేల మంది ఫ్లోరిడాకు పడవల మీద వచ్చిపడ్డారు. మయామీ నగరంలో పనివాళ్ల సంఖ్య ఒక్కసారిగా నూటికి ఏడు వంతులు పెరిగింది. అయినా అక్కడి సాధారణ కూలీల వేతనాలు పడిపోలేదని 1990లో కార్డ్ చూపించారు. కొత్తగా వచ్చినవాళ్లు పని అడుగుతారు, వాళ్లే బియ్యం కొంటారు, ఇల్లు అద్దెకు తీసుకుంటారు, జుట్టు కత్తిరించుకుంటారు. ఆ ఖర్చు మళ్లీ పని పుట్టిస్తుంది. హార్వర్డ్ ఆర్థికవేత్త జార్జ్ బోర్హాస్ చాలా ఏళ్ల తర్వాత అవే రికార్డులు తిరగేసి, హైస్కూలు కూడా పూర్తిచేయని మగవాళ్ల వేతనాలు 10 నుంచి 30 శాతం పడ్డాయన్నారు. ఆయన తీసుకున్న నమూనా మరీ చిన్నదని, అందులోని మనుషుల కూర్పే మధ్యలో మారిందని తక్కినవారు ఎదురు చెప్పారు. బోర్హాస్ స్వయంగా క్యూబా నుంచి పిల్లవాడిగా వలస వచ్చినవాడే. ఆయన చెబుతున్నదాన్ని వలసద్వేషంగా కొట్టిపారేయడం సరికాదు. బాగా కింది మెట్టు మీదున్న మనిషి నష్టపోతే సగటు లెక్కల్లో ఆ నష్టం కనబడదన్న ఆయన హెచ్చరికలో నిజముంది.

2016లో అమెరికా నేషనల్ అకాడమీస్ ఈ పరిశోధనలన్నిటినీ కలిపి చూసి పెద్ద నివేదిక ఇచ్చింది. పదేళ్లో అంతకు మించో కాలాన్ని తీసుకుంటే స్థానికుల వేతనాల మీద వలస ప్రభావం చాలా స్వల్పం. ఆ స్వల్ప నష్టం ఎవరికైనా తగిలితే మొదట తగిలేది అంతకుముందు వలస వచ్చినవాళ్లకు, ఆ తర్వాత హైస్కూలు పూర్తిచేయని స్థానికులకు. కొత్తగా వచ్చిన మెక్సికన్ కూలీకి అసలు పోటీ ఐదేళ్ల ముందు వచ్చిన మెక్సికన్ కూలీయేనన్నమాట. టీవీ చర్చల్లో ఈ సంగతి వినపడడం అరుదు.

కూలి పెంచితే వలస పెరుగుతుందా తగ్గుతుందా అన్న ప్రశ్నకైతే పరిశోధకులు సూటిగా ఎదురెదురు జవాబులే ఇచ్చారు. కొత్తగా వచ్చే తక్కువ చదువు వలసదారులు కనీస వేతనం పెంచిన రాష్ట్రాలను తప్పించుకుని, పని సులువుగా దొరికే చోటికి వెళ్తున్నారని బ్రయాన్ కడేనా చూపించారు. పెంపు ఎక్కువగా ఉన్న రాష్ట్రాలే వారిని ఆకర్షిస్తున్నాయని కొరాడో జులియెట్టి తేల్చారు. రెండు పత్రాలూ 2014లో వచ్చినవే. ఈ విషయంలో గట్టిగా మాట్లాడే రాజకీయ నాయకుడు ఎవరైనా తనకు తెలిసినదానికంటే ఎక్కువే చెబుతున్నాడు.

కూలీలను పంపించేస్తే కూలి పెరుగుతుందా అన్నదానికి మాత్రం చరిత్ర ఒక పరీక్ష పెట్టింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1942లో మొదలైన బ్రసేరో పథకం కింద మెక్సికో కూలీలు ఒప్పందాల మీద అమెరికా పొలాలకు వచ్చేవారు. 1964 చివరికి ఆ పథకాన్ని ఎత్తేశారు. స్థానికుల కూలి పెంచడమే దానికి చెప్పిన కారణం. మైకేల్ క్లెమెన్స్, ఈథన్ లూయిస్, హన్నా పోస్టెల్ ఆ కాలపు రికార్డులు పట్టుకుని చూస్తే, బ్రసేరోలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో కూలి తక్కిన రాష్ట్రాల కంటే అదనంగా పెరిగిన జాడే లేదు. రైతులు యంత్రాలు దింపారు, కొన్ని పంటలు మానేశారు. సాస్‌కు వాడే టమాటాను కోసే యంత్రం, దాని దెబ్బకు చితకని గట్టి రకం టమాటా, రెండూ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ క్యాంపస్‌లో అప్పటికే సిద్ధమవుతున్నాయి. కూలీలు వెళ్లిపోయిన కొన్నేళ్లలోనే ఆ యంత్రం పొలాలను ఆక్రమించింది.

పథకం పోయిన మరుసటి ఏడాదే, 1965 సెప్టెంబరులో కాలిఫోర్నియా డెలానో ద్రాక్షతోటల్లో ఫిలిపినో కూలీలు గంటకు 1.40 డాలర్లు అడుగుతూ సమ్మెకు దిగారు. కొద్ది రోజులకే సెసార్ చావెజ్ నాయకత్వంలోని మెక్సికన్ కూలీలు వారితో చేతులు కలిపారు. సమ్మె విరగ్గొట్టడానికి తోటల యజమానులు కాగితాల్లేని కూలీలను దింపుతున్నారని చావెజ్ ఏళ్ల తరబడి పోరాడారు. ఆయన నడిపిన కూలీల సంఘమే తర్వాతి దశాబ్దాల్లో కాగితాల్లేని కూలీలకు చట్టబద్ధ హోదా ఇవ్వాలని ముందు నిలబడి అడిగింది. హోదా లేని మనిషిని తరిమితే ఇంకొకణ్ణి తెస్తారు, హోదా ఇస్తే అతనూ సమ్మెలో నిలబడతాడన్నది వాళ్లకు అనుభవం నేర్పిన సంగతి.

ఇమ్మోకలీ టమాటా తోటలు

ఈ చర్చ నేల మీద ఎలా ఉంటుందో చూడాలంటే ఫ్లోరిడాలోని ఇమ్మోకలీ మంచి చోటు. చలికాలంలో అమెరికా తినే తాజా టమాటాల్లో పెద్ద వంతు ఆ చుట్టుపక్కల తోటల నుంచే వస్తుంది. కోసేవాళ్లు ఎక్కువగా మెక్సికో, గ్వాటెమాలా, హైతీ దేశాలవారు. కాయ పచ్చిగా ఉండగానే కోస్తారు. కూలి గంటకింత అని కాదు, బకెట్‌కింత. ఒక్కో బకెట్ 32 పౌన్లు, అంటే పద్నాలుగున్నర కిలోలు. నిండిన బకెట్‌ను భుజానికెత్తుకుని వరస చివరనున్న లారీ దాకా పరుగెత్తి, పైనున్నవాడికి అందించి, టోకెన్ తీసుకుని మళ్లీ సాలులోకి రావాలి. ఎన్నో ఏళ్లపాటు బకెట్‌కు దక్కింది సుమారు 50 సెంట్లు. ఆ రేటున గంటకు 7.25 డాలర్లు గిట్టాలంటే పద్నాలుగు బకెట్లు దాటాలి. అంటే గంటకు రెండు వందల కిలోలకు పైగా కోసి, మోసి, ఎత్తాలి.

అలా గిట్టకపోతే తక్కువ పడినది యజమాని కలిపి ఇవ్వాలని చట్టం చెబుతుంది. దాన్ని తప్పించుకునే దారి చాలా సులువు. తెల్లవారుజామున బస్సులో తీసుకొచ్చిన కూలీలు చెట్ల మీద మంచు ఆరేదాకా కూర్చునే ఉంటారు. ఆ గంటలు లెక్కలోకి రావు. సాయంత్రం మేస్త్రీ టోకెన్లు లెక్కపెట్టి, ఆ డబ్బును కనీస వేతనంతో భాగించి, ఎన్ని గంటలు వస్తే అన్నే పనిచేసినట్టు కాగితం మీద రాసుకుంటాడు. కాగితం మీద చట్టం నూటికి నూరుపాళ్లు అమలైనట్టే. పైగా బకెట్ అంచు దాకా నింపితే ఒప్పుకోడు, పైన గుట్టగా పేర్చాలి. మన సంతలో కొసరు అడిగినట్టే. తేడా ఏమిటంటే ఇక్కడ ఆ కొసరు ప్రతి బకెట్ మీదా, ప్రతి రోజూ, కూలీ చెమటలోంచి పోతుంది.

ఇమ్మోకలీ కూలీలు 1993లో కలిసికట్టుగా కదిలారు. నిరాహార దీక్షలు చేశారు, రాష్ట్రం మీదుగా పాదయాత్ర చేశారు. కొన్నాళ్లకు వాళ్లకొక సంగతి అర్థమైంది. తోట యజమాని చేతిలోనూ పెద్దగా లేదు, ధర నిర్ణయించేది టమాటాలు కొనే పెద్ద హోటల్, సూపర్‌మార్కెట్ కంపెనీలు. అందుకని గురి అటు తిప్పారు. పౌనుకు ఒక్క సెంటు అదనంగా ఇవ్వండి, ఆ సెంటు కూలీకి చేరాలి, నియమాలు పాటించని తోట దగ్గర కొనకండి అన్నారు. 2001లో మొదలైన టాకో బెల్ బహిష్కరణ 2005లో ఒప్పందంతో ముగిసింది. 2007లో మెక్‌డొనాల్డ్స్, 2014లో వాల్‌మార్ట్ చేరాయి. 2011 నుంచి ఫ్లోరిడా టమాటా తోటల్లో చాలామటుకు ఫెయిర్ ఫుడ్ ప్రోగ్రామ్ కిందికి వచ్చాయి. గంటలు నమోదు చేసే గడియారాలు పెట్టారు. బకెట్ అంచు దాకా నింపితే చాలు, గుట్ట పేర్చనక్కర్లేదు. రాత్రీ పగలూ ఎవరైనా ఫోన్ చేసి ఫిర్యాదు చెప్పుకోవచ్చు, చెప్పినవాణ్ణి పనిలోంచి తీసేయకూడదు. కాగితాలున్నాయా లేవా అని ఆ ఫోన్ దగ్గర ఎవరూ అడగరు. కూలీల కాగితాల సంగతి అంతకుముందు ఎలా ఉందో అలాగే ఉంది. అయినా చట్టం చెప్పిన కూలి చేతికి రావడం మొదలైంది, అడిగినందుకు పని పోదన్న ధైర్యం వచ్చింది గనుక.

అదే ఫ్లోరిడాలో 2020 నవంబరులో ఓటర్లు కనీస వేతనాన్ని మెట్లుమెట్లుగా 15 డాలర్లకు పెంచే రాజ్యాంగ సవరణను నూటికి అరవై మందికి పైగా ఆమోదించారు. అదే రోజు ఆ రాష్ట్రంలో డొనాల్డ్ ట్రంప్ గెలిచారు. 2026 సెప్టెంబరు 30కి ఆ 15 డాలర్ల మెట్టు. మధ్యలో, 2023లో, రాష్ట్ర శాసనసభ 25 మంది, అంతకు మించి పనివాళ్లున్న ప్రతి యజమానీ ఈ-వెరిఫై వాడాలని చట్టం చేసింది. ఆ వేసవిలో కట్టుబడి పనుల దగ్గరికీ తోటలకూ కూలీలు రావడం మానేశారని అక్కడి పత్రికలు రాశాయి. కూలి పెంపు, వలస కట్టడి రెండూ ఓటర్లకు ఒకేసారి నచ్చవచ్చని ఫ్లోరిడా నిరూపించింది.

అడగలేని మనిషి

కాగితాలు లేకపోయినా చేసిన పనికి కనీస వేతనం ఇవ్వాల్సిందే. అమెరికా కార్మిక శాఖ, కోర్టులు ఈ సంగతి పదే పదే చెప్పాయి. కానీ 2002లో సుప్రీంకోర్టు హాఫ్‌మన్ ప్లాస్టిక్ కేసులో 5-4 తీర్పు ఇచ్చింది. సంఘం పెట్టడానికి సాయపడ్డాడని ఒక కార్మికుణ్ణి తీసేయడం చట్టవిరుద్ధమే అయినా, అతనికి కాగితాలు లేవు గనుక పోయిన జీతం ఇప్పించలేమంది. చేసిన పనికి కూలి అడిగే హక్కు ఉంది, సంఘం కట్టినందుకు పని పోతే మాత్రం పోయిన జీతం తిరిగి రాదు. యజమానికి కాగితాల్లేని మనిషిని పెట్టుకోవడంలో లాభం తక్కువ జీతంలోనే లేదు. అతను గాయపడినా, అదనపు గంటలు చేసినా నోరెత్తడన్న భరోసాలో ఉంది. పక్కన పనిచేసే స్థానికుడి బేరం కూడా ఆ భరోసా వల్లే దెబ్బతింటుంది.

అనుమతి లేనివారిని పనిలో పెట్టుకుంటే యజమానికి శిక్ష వేయవచ్చని దేశమంతటికీ మొదటిసారి చెప్పింది 1986 చట్టం. రోనాల్డ్ రీగన్ సంతకం చేసిన ఆ చట్టమే సుమారు 27 లక్షల మందికి చట్టబద్ధ హోదా కూడా ఇచ్చింది. శిక్షల సంగతి పెద్ద యజమానులు తెలివిగా తప్పించుకున్నారు. మధ్యలో లేబర్ కాంట్రాక్టరును పెట్టి, పనివాడు తమవాడే కాదన్నారు. ఈ-వెరిఫైని 2008 నుంచి అందరికీ తప్పనిసరి చేసిన అరిజోనాలో కాగితాల్లేనివారు కొందరు రాష్ట్రం విడిచిపోయారు. మిగిలినవారిలో చాలామంది జీతం చిట్టాలోంచి జారి, సొంతంగా పనిచేసుకునేవారి లెక్కలో తేలారని పరిశోధకులు గుర్తించారు. సొంత పని అన్నాక దానికి కనీస వేతనమే వర్తించదు.

చట్టబద్ధంగా వచ్చేవారి సంగతీ దీనికి పూర్తిగా భిన్నం కాదు. పొలం పనులకు హెచ్-2ఎ వీసా మీద వచ్చేవారికి రాష్ట్రాలవారీగా ప్రత్యేకమైన కనీస రేటు ఉంటుంది. చవక విదేశీ కూలీ వల్ల స్థానికుడి కూలి పడిపోకూడదన్నది దాని ఉద్దేశం. 2025లో కాలిఫోర్నియాలో అది 19.97 డాలర్లు. ఆ ఏడాది ఒకవైపు కాగితాల్లేనివారిపై దాడులు ముమ్మరం చేసిన ప్రభుత్వమే, అక్టోబరులో ఈ రేటును లెక్కగట్టే పద్ధతి మార్చి కిందికి దించింది. స్థానికుల కూలి కాపాడటానికే వలస కట్టడి అన్న మాటకు, ఈ పనికి పొంతన కుదరదు.

తెలుగు ఇళ్లకు దగ్గరగా తెలిసినది హెచ్-1బి. పరిమితి కింద ఏటా 85 వేల కొత్త వీసాలు, ఆమోదాల్లో నూటికి 70కి పైగా భారతీయులవే. ఆ ఉద్యోగానికి ఆ ఊళ్లో నడిచే జీతానికి తగ్గకుండా ఇస్తామని కంపెనీ రాసివ్వాలి. అది కూడా ఒక రకం కనీస వేతనమే. ఆ స్థాయిని బాగా పెంచాలని 2020లో ట్రంప్ ప్రభుత్వం నియమం తెస్తే కోర్టు కొట్టేసింది. 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము వచ్చింది. ప్రాజెక్టు లేక బెంచ్ మీద కూర్చోబెట్టిన రోజులకు కూడా కన్సల్టెన్సీ జీతం ఇవ్వాలని చట్టం స్పష్టంగా చెబుతుంది. అయినా ఇవ్వనప్పుడు ఫిర్యాదు చేసేవారు తక్కువ. వీసా ఆ కంపెనీ చేతిలో ఉంటుంది, ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి గడువు 60 రోజులు. చదువుకోవడానికి వెళ్లి, క్యాంపస్ బయట అనుమతి లేకుండా గ్యాస్ స్టేషన్లో, రెస్టారెంట్లో చేతికింత నగదుకు రాత్రిళ్లు పనిచేసే కుర్రవాడి పరిస్థితి మరీ అన్యాయం. దక్కాల్సిన దానికి తక్కువ ఇచ్చినా అతను ఎవరికీ చెప్పుకోలేడు. చెబితే ముందు పోయేది అతని చదువు.

గల్ఫ్‌లో అదే వాదన

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్‌ల నుంచి గల్ఫ్ వెళ్లిన కుటుంబాలకు ఈ చర్చ వేరే రూపంలో ఎదురైంది. పదో తరగతి దాటని కార్మికులు గల్ఫ్ సహా కొన్ని దేశాలకు వెళ్లాలంటే వలస అనుమతి కావాలి. ఆ అనుమతి ఇచ్చే ముందు ఏ దేశంలో ఏ పనికి కనీసం ఎంత జీతం ఉండాలో భారత ప్రభుత్వం ఒక రేటు పెడుతుంది. 2020 సెప్టెంబరులో, కరోనా కాలంలో, ఆరు గల్ఫ్ దేశాలకు ఈ రేటును 30 నుంచి 50 శాతం దాకా తగ్గించింది. రేటు ఎక్కువుంటే కంపెనీలు మనవాళ్లను వదిలి బంగ్లాదేశ్, నేపాల్ కూలీలను తీసుకుంటాయన్నది అప్పటి భయం. తెలంగాణ గల్ఫ్ కార్మిక సంఘాలవారు గట్టిగా వ్యతిరేకించారు, హైకోర్టుకు వెళ్లారు. కొత్తగా వచ్చేవాడి జీతం తగ్గితే అక్కడ ఉన్నవాడి జీతం కూడా తగ్గుతుందని, పని పోయినవాళ్లకు లెక్కగట్టే బకాయిలూ పడిపోతాయని వాదించారు. 2021లో ప్రభుత్వం ఆ తగ్గింపును వెనక్కి తీసుకుంది. అమెరికాలో స్థానికుడు మెక్సికన్ గురించి చెప్పే మాటే, ఇక్కడ వలస వెళ్లినవాడు తన తర్వాత వెళ్లేవాడి గురించి చెప్పాడు. ఆ మాట తప్పు కూడా కాదు.

2021 మార్చిలో ఖతర్ నెలకు 1,000 రియాళ్ల కనీస వేతనాన్ని ఏ దేశపు కార్మికుడికైనా ఒకేలా అమలు చేసింది. వసతి ఇవ్వకపోతే 500, తిండి పెట్టకపోతే 300 అదనం. ఆ సంస్కరణల్లోనే, పాత యజమాని అనుమతి పత్రం లేకుండా పని మారే వీలు కూడా కల్పించింది. ఈ రెండోది లేకుండా మొదటిది అరకొరే. పని మానేసి వెళ్లగలిగిన మనిషికే చట్టం చెప్పిన జీతం అడిగే ధైర్యం ఉంటుంది. హైదరాబాద్‌లో ఒక ఒప్పందం మీద సంతకం పెట్టించి, దిగాక ఇంకో కాగితం చేతిలో పెట్టే మోసం చాలాకాలం సాగింది. తిరిగి వెళ్లే దారి యజమాని చేతిలో ఉండటమే దానికి కారణం.

అమెరికాకు తిరిగి వస్తే, అక్కడ కనీస వేతన చట్టాన్ని అమలు చేయాల్సిన వేజ్ అండ్ అవర్ విభాగంలో పరిశీలకులు వెయ్యి మంది కూడా లేరు. వాళ్ల పరిధిలో ఉన్న పనిచోట్లు కోటికి పైగా. ఇంత తక్కువ మందితో ఇన్ని చోట్లు తిరిగి చూడటం కుదిరే పని కాదు. కాబట్టి తనిఖీ మొదలవ్వాలంటే చాలాసార్లు ఎవరో ఒకరు ఫిర్యాదు చేయాల్సిందే. 2013లో కాలిఫోర్నియా ఒక చట్టం చేసింది: జీతం అడిగిన కార్మికుణ్ణి వలస అధికారులకు పట్టిస్తానని యజమాని బెదిరించడం నేరం. 2023 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ఇంకో అడుగు వేసింది. కార్మిక చట్టాల ఉల్లంఘన మీద విచారణ జరుగుతున్న చోట పనిచేసిన కాగితాల్లేనివారు దరఖాస్తు చేసుకుంటే, కొంతకాలం దేశం నుంచి పంపించకుండా ఆపి, పని అనుమతి కూడా ఇవ్వవచ్చని ప్రకటించింది. కాలిఫోర్నియాది రాష్ట్ర చట్టం, దాని బలం ఆ రాష్ట్రం వరకే. రెండోది కాంగ్రెస్ చేసిన చట్టం కాదు, పాలనాపరమైన నిర్ణయం. తర్వాత వచ్చే ప్రభుత్వం ఒక్క ఉత్తర్వుతో దాన్ని ఆపేయగలదు. కనీస వేతనాన్ని పెంచే బిల్లులు మాత్రం రెండు పార్టీల నుంచీ వస్తూనే ఉన్నాయి. 2025 జూన్‌లో రిపబ్లికన్ జాష్ హాలీ, డెమొక్రాట్ పీటర్ వెల్చ్ కలిసి 15 డాలర్ల బిల్లు ప్రవేశపెట్టారు.